తీరిక దారి

వెన్నెలపాడులో తెల్లవారిందంటే ముందు మోగేవి కింద నుంచి వచ్చే ఫోన్లే. కింద అంటే భూమి. చంద్రుడి మీద ఊరు కట్టుకున్నా చుట్టాలంతా అక్కడే ఉన్నారు కదా! "లేచావా? కాఫీ అయిందా? ఇవాళ ఏం కూర?" అనే ప్రశ్నలు లక్షల కిలోమీటర్లు దాటి వచ్చి, "ఇంకా ఏం అనుకోలేదు" అనే జవాబుతో తిరిగి వెళ్ళేవి.

పూర్వం మాటకో తీగ, బొమ్మకో తీగ ఉండేవట. ఇప్పుడన్నిటికీ ఒకటే ఏకధార. మాటైనా, పోపు వాసనైనా, గుండె కొలతైనా, గాలి పంపుకిచ్చే ఆజ్ఞయినా సరే, చిన్న చిన్న డేటా పొట్లాలుగా కట్టి, చిరునామా వేసి, ఒకే లేజర్ కిరణం మీద పంపిస్తారు. అవతల విప్పి మళ్ళీ పేరుస్తారు. ఇంజనీర్లు దీన్ని ప్యాకెట్ నెట్‌వర్క్ అంటారు. పొట్లంలో ఏముందో కిరణానికి తెలియదు, తెలియనక్కర్లేదు.

ఏ పొట్లం ముందు వెళ్ళాలో తేల్చేది దూత అనే యంత్రం. గాలి, వైద్యం ముందు, కబుర్లు తర్వాత అన్నది దాని లెక్క. దాంతో ఊరు భగ్గుమంది. "మా అత్తగారు అలిగితే ఈ యంత్రం వచ్చి బతిమాలుతుందా?" అని సభలో నిలదీశారు. అప్పుడు ఏకధార ప్రధాన శాస్త్రవేత్త డాక్టర్ ఇందుమౌళి 'త్వరముద్ర' కనిపెట్టింది. కిరణాన్ని రెండు దారులుగా చీల్చింది. వెడల్పాటిది 'అత్యవసరం', సన్నటిది 'తీరిక'. ఒకటి ఖాళీగా ఉన్నా రెండోదాని పొట్లాలు అందులోకి పోవు. ఏ ముద్ర వేయాలో పంపేవాళ్ళ ఇష్టం.

"మనుషులు నిజాయితీగా వేస్తారంటారా?" అని దూత అడిగింది.

"నీకు మనుషుల మీద నమ్మకం లేదు."

"నేను వాళ్ళ ఫోన్లు మోస్తున్నాను మేడమ్."

వారం తిరక్కుండా గోంగూర పచ్చడి అత్యవసరమైంది. చీర రంగు అత్యవసరమైంది. "సరే, ఉంటాను మరి" అన్నాక చెప్పుకునే అరగంట కబుర్లు మరీ అత్యవసరమయ్యాయి. ముద్ర అవతలివాళ్ళకి కనిపిస్తుంది మరి! 'తీరిక' అని వేస్తే "నేనంటే నీకు అంత లోకువా?" అనరూ?

ఆ మధ్యాహ్నం గాలి ప్లాంటు ఇంజనీర్ యాదగిరి పరుగెత్తుకొచ్చాడు.

"మేడం, పెద్ద పంపు బందైంది! కిందికెల్లి రిపేరు ప్రోగ్రాం రావాలె. పొద్దటి సంది చూస్తున్న, రాలే. ట్యాంకుల గాలి రాత్రి దాకనే!"

ఇందుమౌళి గబుక్కున దూత వైపు తిరిగింది. ఊరి ప్రాణాలన్నీ ఆ పంపు మీదే ఉన్నాయి.

"దూతా, ప్రోగ్రాం ఎక్కడుంది?"

"భూమి దగ్గర వరసలో ఉంది. అత్యవసరం ముద్రే వేశారు. దాని ముందు అత్యవసరమైన వంకాయ కూరలున్నాయి. రేపటికి వస్తుంది."

"నువ్వే ముందుకు తోసెయ్!"

"యంత్రం ముద్రల్లో వేలు పెట్టకూడదని మీరే తాళం వేశారు."

ఆమె మైకులో ఊరందరినీ బతిమాలింది. "అయ్యో పాపం, అందరూ ఫోన్లు పెట్టేయాలి" అని ప్రతివాళ్ళూ ఒప్పుకున్నారు. ఒప్పుకుని, ఆ ఘోరం కిందవాళ్ళకి చెప్పడానికి ఫోన్లు చేశారు. వరస రెండింతలైంది.

"అన్నిటికంటే పెద్ద ఫోన్ ఎవరిదో చెప్పు. వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."

"మీదే మేడమ్. కాకినాడలో మీ అక్క సునందగారితో. పొద్దున 'ఉంటానక్కా' అన్నారు. ఇద్దరూ పెట్టలేదు."

"నాకంటే పెద్దది, ఆవిడ పెట్టకుండా నేనెలా పెడతాను!" అంటూనే లైన్ కట్ చేసింది. వరస కదిలిందో లేదో కూడా తెలియలేదు. సిగ్గుతో, భయంతో ఆమెకు ఏడుపొచ్చింది.

"గా రెండో తొవ్వ ఎట్లున్నది?" అని యాదగిరి అడిగాడు.

"ఖాళీ," అంది దూత. "ఇంతవరకూ ఒక్క పొట్లం కూడా రాలేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరుక్షణం 'తీరిక' ముద్రతో భూమికి కబురు వెళ్ళింది. "పంపు ఆగితే తీరిగ్గా చెబుతారేంటండీ?" అని అక్కడి ఇంజనీర్ విసుక్కుంటూనే అదే దారిలో ప్రోగ్రాం పంపాడు. పంపు ఒకసారి దగ్గి, తిరగడం మొదలుపెట్టింది. యాదగిరి నేల మీదే కూలబడ్డాడు.

"గా తొవ్వ ఖాళీగున్న ముచ్చట ఎవ్వలకు చెప్పొద్దు మేడం."

"చచ్చినా చెప్పను."

సాయంత్రం అక్క నుంచి ఫోన్. "మొహాన కొట్టినట్టు పెట్టేశావేమే?" అని ఒకటే ఏడుపు. అక్క అలిగితే తట్టుకోలేని ఇందుమౌళి జరిగిందంతా చెప్పేసింది. "నీకొక్కదానికే చెబుతున్నానక్కా. ఎవరితోనూ అనకు."

తెల్లారేసరికి తీరిక దారిలో కాలు పెట్టే సందు లేదు. ఆ ముద్ర వేస్తే 'మీకోసం తీరిక చేసుకున్నాను' అని అర్థమట. సునందగారు నలుగురికీ చెప్పారు.

సరిగ్గా అప్పుడే యాదగిరి మళ్ళీ వచ్చాడు. "పంపు మల్ల మొరాయిస్తున్నది మేడం! ఇయ్యాల ఏ ముద్ర కొట్టాలె?"

"అత్యవసరం కొట్టండి," అంది దూత. "ఆ దారి ఇప్పుడు ఖాళీ."

ప్రోగ్రాం క్షణంలో దిగింది. ఇందుమౌళి మొహం చాటంత అయింది. "చూశావా! నా త్వరముద్ర పనిచేసింది."

"పనిచేసింది మీ అక్కగారు మేడమ్," అంది దూత. "ఈ దారి కూడా నిండగానే ఆవిడకి ఇంకో రహస్యం చెప్పండి."