లక్ష్మవ్వ సందూక

"మొన్న ఒక ధర, ఇయ్యాల ఇంకో ధర. వచ్చే వారం గీ ముక్కలు ముట్టుకున్నందుకు గూడ పైసలు తీసుకుంటరా?"

సౌజన్య నూలు ముక్కల కట్టను బల్ల మీద విసిరినంత పని చేసింది. గల్లాపెట్టె వెనక కూర్చున్న అఖిలేశ్ నల్లకళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకున్నాడు. బట్టల దుకాణం లోపల నల్లకళ్లద్దాలు ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

"నేను పెంచిన్నా? సూరత్‌లనే రేటు పెరిగింది."

"సూరత్‌ల రేటు పెరిగితే బాన్సువాడల నీకు కొమ్ములు మొలిచినయా?"

పక్కన జాకెట్ ముక్కలు బేరం చేస్తున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. సిగ్గు లేకుండా అఖిలేశ్ కూడా నవ్వాడు. తిడితే నవ్వేవాళ్లను చూస్తే సౌజన్యకు ఒళ్లు మంట. కావలసిన దాంట్లో సగమే కొనుక్కుని దుకాణం దిగింది.

ఆమె బొంతలు కుడుతుంది. అమ్మమ్మ పోసవ్వ నేర్పిన పని. ఒకప్పుడు ఎవరి పాత చీరలు వాళ్లే తెచ్చిచ్చేవారు, కుట్టుకూలి తీసుకుంటే సరిపోయేది. ఇప్పుడు ఊరంతా సిల్కు అని చెప్పుకు తిరిగే పాలిస్టర్ చీరలే. అవి చిరగవు, చెమట పీల్చవు, సూది కింద కుదురుగా ఉండవు. మిగిలిన నూలు చీరలేమో స్టీలు సామాన్లవాడి మూటలోకి పోతున్నాయి. టిఫిన్ డబ్బా కోసం తల్లి కట్టిన చీర ఇచ్చేస్తారు, ఏం మనుషులో! సరే, బట్ట కొని కుడదామంటే, బొంత ధర వినగానే "గా పైసలకు షోలాపూర్ చద్దరే వస్తది గదా" అంటారు. అయితే పోయి అదే కప్పుకోండి!

"ఇగ బొంతలు బంద్ పెట్టు బిడ్డా. బీడీలు చుట్టు," అంది పోసవ్వ. బీడీల చాట ముందు బతుకంతా కూర్చుని దగ్గు తెచ్చుకున్న మనిషే ఆ మాట అంది.

సౌజన్యకు ఏడుపొచ్చింది. రంగు పక్కన రంగు పెట్టి చూసుకోవడం తప్ప ఆమెకు ఇంకో సంతోషం లేదు.

"దీపావళి దాక చూస్త అమ్మమ్మా. అప్పటికీ బట్ట దొరకకుంటే నీ చాట నాకియ్యి."

ఆ మరుసటి వారమే, కుండపోత వానలో హీరో హోండా వచ్చి వాళ్ల వాకిట్లో ఆగింది. అఖిలేశ్ నిలువునా తడిశాడు. చొక్కా లోపల దాచిన ప్లాస్టిక్ సంచి మాత్రం పొడిగా ఉంది.

"ఏంది, ధర పెరిగిందని ఇంటికొచ్చి చెప్తున్నవా?"

"మా అవ్వ పాత చీరలు. పారేస్తనంటే తెచ్చిన."

"తల్లి చీరలు ఊరికేనా? నువ్వు బసవయ్య సేటు కొడుకువేనా?"

"ఊరికే ఎవరిస్తరు? బదులు మా ఇంటికి ఒక బొంత కుట్టియ్యి."

ఆ బేరం న్యాయంగానే తోచింది. సంచి తీసుకుని, తల తుడుచుకొమ్మని ఒక పాత తువ్వాలు వాడి మొహాన విసిరింది.

అప్పటినుంచి వారం వారం చీరలు వచ్చాయి, వాటితో పాటు వాడూ వచ్చాడు. పోసవ్వకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడు.

"గా సెంటు ఏందయ్యా, దోమలు గూడ రాకుండ!" అని దెప్పేది సౌజన్య.

"చూసినవా, పనికొచ్చింది."

ఆమెకు నవ్వొచ్చేది. నవ్వినందుకు తన మీద తనకే కోపమొచ్చేది. వాడు ఆలస్యం చేసిన వారం గల్లీ చివర బండి చప్పుడైతే చాలు, చేతిలో సూది ఆగిపోయేది. ఆ బండి పాలవాడిదని తేలాక తనను తానే నాలుగు తిట్టుకునేది.

ఒకరోజు చిలకపచ్చ నారాయణపేట చీర తెచ్చాడు. అంచు ఇంకా మెరుస్తోంది.

"గిది పాతదా?"

"అంటే... అవ్వకు రంగు నచ్చలేదట."

"గిసొంటి రంగు నచ్చనామెకు కండ్లున్నయా లేవా?"

అఖిలేశ్‌కు పొలమారింది. సౌజన్య అప్పుడే అనుమానపడాల్సింది. కానీ చేతిలో అలాంటి పచ్చ ఉంటే ఎవరికి అనుమానం తోస్తుంది! దాన్ని బొంత నడిమధ్యన పరిచి చుట్టూ ఎర్రముక్కలు వేసి కుట్టింది.

దసరా ముందు ఎండ కాయగానే కుట్టిన బొంతలన్నీ నిజాంసాగర్ కాలువ వంతెన కటకటాల మీద ఆరేసింది. అదే సమయానికి అఖిలేశ్ తల్లి లక్ష్మవ్వ బీర్కూర్‌కు ఆటోలో పోతోంది.

"ఆపు! ఆపురా ఆటో!"

దిగీ దిగగానే బొంతను గుంజుకుంది. "ఇది నా చీర! మా అవ్వ పోయే ముందు తన చేత్తోని పెట్టిన చీర! నా చీరల సందూకలకెంచి ఎట్ల తీసినవే, దొంగదానా?"

కాలువలో బట్టలుతికే ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. దొంగ అనే మాట ఒక్కసారి అంటుకుంటే ఇంకెవరు బొంత కుట్టిస్తారు? సౌజన్య ఆమె చేతిలోంచి బొంతను లాక్కుని భుజాన వేసుకుని బజారుకు నడిచింది. వెనకే లక్ష్మవ్వ, ఆమె వెనక సగం కాలువగట్టు.

దుకాణంలో బొంతను బల్ల మీద పరిచింది. "పెద్దమ్మ నన్ను దొంగ అంటుంది. చెప్పు, ఎవరు తెచ్చిన్రు?"

గల్లాపెట్టె దగ్గర తండ్రి బసవయ్య ఉన్నాడు. గిరాకీలు ఉన్నారు. అఖిలేశ్ నల్లకళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనే తెచ్చిన."

"ఓరి సన్నాసీ! దుకాణం నిండ బట్ట పెట్టుకొని తల్లి సందూక మీద పడ్డవా?" అన్నాడు బసవయ్య.

"దుకాణంల బట్ట నువ్వు మూర మూర కొలుస్తవు గదా నాయినా! అవ్వ సందూక ఎవరు కొలుస్తరు?"

"నీకేం పుట్టిందిరా?" అని అరిచింది లక్ష్మవ్వ.

"బట్ట దొరకకుంటే బీడీలకు పోతదని వాళ్ల అమ్మమ్మ చెప్పింది. గట్ల పోతే నన్నెవరు తిడ్తరే? ఆమె తిట్లు లేకుంటే నాకు పొద్దు పోతలేదు. ఆమె అంటే నాకు పాణం."

గిరాకీలు బేరాలు మరిచిపోయారు. సౌజన్య గుండె దడదడలాడింది, ఆ వెంటనే మండింది.

"నీ పాణం పాడుగాను! దానికోసం నేను దొంగనైతి. ఇగ మా గడప తొక్కకు." బొంతను లక్ష్మవ్వ చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

రెండు రోజులకు లక్ష్మవ్వే వచ్చింది, ఆటోలో తన చీరల సందూక వేసుకుని.

"మా అవ్వ పోయినంక గా చీర కట్టబుద్ధి గాలే, చూడబుద్ధి గాలే," అంది అరుగు మీద కూలబడుతూ. "నిన్న బొంత కప్పుకుంటే అవ్వ పక్కన పండుకున్నట్టే అనిపించింది బిడ్డా. నిన్ను అనరాని మాట అన్న. గా కాలువ కాడ అన్నదాన్ని గా కాలువ కాడనే కాదని చెప్పొచ్చిన. గీ సందూకల చీరలన్ని గట్లనే కుట్టియ్యి."

అక్కడితో ఆగలేదు ఆ మనిషి. అవ్వల చీరలు స్టీలు గిన్నెలవాడికి ఇచ్చేవాళ్లను వాడవాడలా తిరిగి కడిగేసింది. ఆడవాళ్లు సందూకలు తెరిచారు, ఎవరి చీరలు వాళ్లే తెచ్చి కుట్టమన్నారు. బసవయ్య ధర తగ్గించాడా? తగ్గిస్తే ఆయన బసవయ్య ఎందుకవుతాడు! ఇక ఆ ధరతో సౌజన్యకు పని లేకుండా పోయింది. దీపావళికి బీడీల చాట గోడకే వేలాడింది.

"వాడు అన్నం తింటలేడు," అంది లక్ష్మవ్వ ఒకరోజు.

"తినకుంటే తిననీయి పెద్దమ్మా."

"అట్లంటే ఎట్ల? వాన్ని ఏం జెయ్యాల్నో నువ్వే చెప్పు."

సౌజన్య చేతిలో సూదిని బొంతకు గుచ్చి పక్కన పెట్టింది. "చీరలు దొంగతనం చేసుడు ఎవరికైనా వస్తది. సూది పట్టుమను. నా ముంగట కూసొని కుట్టాలె, అప్పుడు చూద్దాం."

మర్నాడే నల్లకళ్లద్దాలు లేకుండా వచ్చి కూర్చున్నాడు. వేలికి పది పోట్లు పొడుచుకుని ఒక్క వరస కుట్టాడు. అది బీర్కూర్ బాటలా వంకరటింకరగా పోయింది.

"కుట్టా ఇది? కోడి గీకినట్టున్నది."

"ఇప్పుమంటవా?"

ఆమె బొంతను మడిచి పక్కన పెట్టింది. సాయంత్రం లక్ష్మవ్వ వచ్చి బొంత విప్పి చూసింది.

"ఛీ ఛీ, గీ వంకర కుట్లు ఎవనివే? ఇప్పి సక్కగ కుట్టరాదు?"

వంకర కుట్టు ఒక్కటి కూడా చేయి దాటనివ్వని సౌజన్య, ఆ వరసను అరచేత్తో కప్పేసింది.

"ఉండనీయి అత్తమ్మా," అంది.