వైపుకి తొమ్మిది గోళీలు

"నోరు తెరిస్తే స్పానర్ గుంజుకొని బయటికి పంపిస్త," అంది శ్రీవాణి.

ఆ స్పానర్ తెచ్చింది నేను. ఈ ఎడారి దేశంలో, అల్ ఖౌద్ బజారులో నాలుగు సైకిల్ షాపులు తిరిగి, బతిమాలి తెచ్చిన సన్నటి స్పానర్. అయినా నోరు మూసుకున్నాను. మూడు నెలలుగా ఆమె సైకిల్ మీద క్లినిక్ డ్యూటీకి బయల్దేరే వేళకే మా బిల్డింగ్ పార్కింగ్‌లో నా బూటు లేసు ఊడిపోతోంది. ఇవాళ మొదటిసారి వాళ్ల ఫ్లాట్‌లోకి పిలిచింది. దాన్ని చెడగొట్టుకుంటానా?

సైకిల్ వెనక చక్రం వారంగా గరగరమంటోంది. వాళ్ల బావ అంజన్న తేల్చేశాడు. "శుక్రవారం పగటాల ఒంటిగంట వరకు అది తిరగకపోతే స్క్రాప్‌కే. ఆడపిల్ల సైకిల్ తొక్కుడేంది, మనోళ్లు నవ్వుతున్నరు. క్లినిక్ బంద్, ఊరికి టికెట్ తీస్త."

ఆయన కారు తెల్లారకముందే సైట్‌కి పోతుంది. క్లినిక్ వైపు బస్సు లేదు. సైకిల్ పోతే ఆమె ఉద్యోగం పోయినట్టే. ఇవాళే ఆ శుక్రవారం.

"షాపుల ఇయ్యరాదు?" అన్నాను, ఉండబట్టలేక.

"ఇస్తే ఎవడో చేసిచ్చిండంటడు బావ. నా సైకిల్, నేనే చేసుకుంట. నువ్వు పక్కన కూసొని చూడు."

వంటింట్లో వాళ్లక్క కవిత గిన్నెల చప్పుడు. హాల్లో పాత పేపర్ల మీద చక్రం. శ్రీవాణి ఇరుసు విప్పగానే ఉక్కు గోళీలు జలజలా రాలి, ఒకటి ఫ్రిజ్ కిందికి దొర్లింది. నేను వంగబోయాను.

"వదిలెయ్. గుంటలు పడ్డయి, పాతది ఒక్కటి కూడ మళ్ల ఎక్కియ్య."

గోళీలు కూర్చునే కప్పులు తుడిచింది, గ్రీజు పూసింది. కొత్త గోళీలు ఒక్కొక్కటే అద్దుతూ ఒక వైపు తొమ్మిది పెట్టింది. ఇంకా కొంచెం సందు మిగిలింది.

నేను పొక్లెయిన్ల మెకానిక్‌ని. సందు కనిపిస్తే నాకు నిద్ర పట్టదు.

"ఇంకోటి పడుతది."

"పట్టది."

"ఏడేండ్ల సంది బేరింగులు ఏస్తున్న నేను!"

"పొక్లెయిన్లకు ఏసినవ్ సారూ. ఇది సైకిల్. వెనక చక్రానికి వైపుకి తొమ్మిదే."

వినలేదు. పదోది నొక్కి చూపించాను. గోళీలు ఒకదాన్నొకటి తోసుకొని పైకి లేచాయి. ఆమె అరచేయి చాచింది. పదోది తీసి అందులో పెట్టాను.

అంతటితో ఆగానా? రెండో వైపూ తొమ్మిది పెట్టి ఆమె ఇరుసు ఎక్కించాక, "బిగించుడన్న నాకిడువు," అని స్పానర్ లాక్కుని, మా సైట్‌లో బిగించినట్టే బిగించాను. చక్రం సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. గోడ గడియారం పన్నెండు దాటింది.

"ఇటియ్యి," అంది. ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది. నాకు నా మీదే అసహ్యమేసింది.

కాస్త వదులు చేసింది, చూసింది, ఇంకాస్త వదులు చేసింది. "బలం కాదు, వేళ్లతోటి తెలుసుకోవాలె. పట్టుకో."

ఇరుసు మీద నా వేలు. పక్కనే గ్రీజంటిన ఆమె వేలు.

"ఏమన్న తగులుతుందా?"

"తగులుతుంది."

"ఎక్కడ?" అని కంగారుగా చక్రం వైపు వంగింది.

"చక్రంల కాదు."

తలెత్తి చూసింది. నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడింది. "ముందు పని కానియ్," అంది.

ఆఖరి నట్టు బిగించేసరికి అంజన్న వచ్చాడు. చక్రాన్ని పట్టి అటూ ఇటూ ఊపాడు. కదల్లేదు. తిప్పాడు. చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. నా చేతుల గ్రీజు చూశాడు.

"శబాష్ భూమేశ్! నీ చేతి పనే వేరు తమ్మీ."

ఈయన దగ్గర మంచివాణ్ణనిపించుకోవాలని ఎన్ని రోజులుగా చూస్తున్నానో! తల ఊపితే చాలు. శ్రీవాణి నా వైపు చూడలేదు. స్పానర్‌ని గట్టిగా పట్టుకుని నిలబడింది.

"నేను బిగిస్తే ఆగిపోయిందన్నా. ఎక్కువ గోళీ కుక్కింది గూడ నేనే. చేసిందంత ఆమెనే."

"మరి నువ్వెందుకొచ్చినవ్?"

ఆమే ఒక అడుగు ముందుకేసింది.

"నేనే పిలిచిన బావా. నాకు ఈయనంటే ఇష్టం. రేపు డ్యూటీకి దీని మీదనే పోత. నవ్వేటోళ్లను నవ్వనీ."

"నీకో?" అన్నాడు అంజన్న నాతో.

"మూడు నెలల సంది అన్నా."

"ఆ బూటు లేసు నేను గూడ చూస్తనే ఉన్న," అంది కవితక్క వంటింట్లోంచి. "ఇంకో కంచం పెడుతున్న, చేతులు కడుక్కోండ్రి."

అంజన్న చక్రం ఆగేదాకా చూశాడు. తర్వాత ఫోన్ తీసి, స్క్రాప్ బండి పంపొద్దని హిందీలో చెప్పాడు. "భాయ్, స్క్రాప్ గాడీ మత్ భేజో. సైకిల్ చల్ రహీ హై."

శ్రీవాణి స్పానర్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"వచ్చే శుక్రారం ముందు చక్రం. దానికి వైపుకి పది పడతయి," అంది. "అప్పుడు నోరు తెరువు."