టర్బో వద్దన్నవాడు

"టర్బో వద్దండీ."

టర్బో పెట్టమన్న గొంతుతో రవికిరణ్ ఆ మాట బానెట్ కింద తల పెట్టే అన్నాడు. అన్నది ఎవరితోనో ఇంకా చూడలేదు.

"కారు నాది. వద్దనడానికి మీరెవరు?"

అప్పుడు తల ఎత్తాడు. ఎత్తిన తల బానెట్‌కి తగిలింది. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి నవ్వు ఆపుకోలేక బయట కురుస్తున్న వానకేసి చూసింది.

ఆమె పేరు శరణ్య. ఇల్లు జనక్‌పురి, ఉద్యోగం గురుగ్రామ్‌లో. పుట్టి పెరిగింది ఢిల్లీలోనే కాబట్టి తెలుగులో హిందీ కలుస్తూ ఉంటుంది. రెండు సీట్ల పాత ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి కొంది. అది రోడ్డు మీద తిరగదు. సోహ్నా దాటాక ఉన్న చిన్న రేస్ ట్రాక్ మీదే తిరుగుతుంది. మాయాపురిలోని ఈ గ్యారేజీకి కూడా టో ట్రక్కు ఎక్కే వచ్చింది.

"నెలాఖరున టైమ్ రన్ ఉంది. ఒక్కొక్కరే వెళ్ళాలి. ఎవరు తక్కువ టైములో చుట్టి వస్తే వాళ్ళది గెలుపు. నాకు పవర్ కావాలి."

"పవర్ కోసమైతే సూపర్‌చార్జర్ పెడతాను."

"అరే, రెండిటికీ ఫరక్ ఏంటి? రెండూ ఇంజిన్లోకి గాలి తోసేవేగా?"

"తోసేవే. సూపర్‌చార్జర్‌ని ఇంజిన్ బెల్టుతో తిప్పుతుంది. మీరు కాలు ఎంత నొక్కితే అంత, నొక్కిన క్షణానే. టర్బోని ఇంజిన్ వదిలే పొగ తిప్పుతుంది. పొగ ఊపందుకునే దాకా ఏమీ ఉండదు. మీరు ఇంకా నొక్కుతారు. అప్పుడు వెనక నుంచి ఎవరో తోసేసినట్టు ఒక్కసారిగా వస్తుంది. ఆ సరికి మీరు మలుపులో ఉంటే..."

"ఉంటే?"

రవికిరణ్ స్పానర్ తుడిచాడు.

"అచ్ఛా! మెకానిక్ గారికి భయం!"

"భయం కాదండీ, లెక్క" అన్నాడు.

అది అబద్ధం. ఐదేళ్ళ కిందట బెజవాడ ఆటోనగర్లో అతను బిగించిన మొదటి టర్బో స్నేహితుడు నవదీప్ కారుకి. నవదీప్ దాన్ని వానలో తిప్పాడు. మలుపులో కారు బోల్తా కొట్టింది. నవదీప్ ఇప్పటికీ కుంటుతాడు. ఆ సంగతి రవికిరణ్ ఢిల్లీలో ఎవరికీ చెప్పలేదు.

గ్యారేజీ యజమాని సదాశివరావు మూల నుంచి అడిగాడు. "కారు ఎవరిది?"

"మేడంది."

"మరి ఆవిడ చెప్పిందే."

ఆయన అంతకంటే మాట్లాడడు. పని వివరాలు రాసే జాబ్ కార్డు తీసి రాశాడు. టర్బో. గాలి ఒత్తిడి పది. ఆ గ్యారేజీలో కార్డు మీద ఏముంటే కారులో అదే ఉండాలి. బయటికి వెళ్ళే ప్రతి కారునీ ఆయన కార్డు పట్టుకుని స్వయంగా సరిచూసి టిక్కు పెడతాడు. నలభై ఏళ్ళుగా అదే అలవాటు.

* * *

ఆఫీసు అయ్యాక శరణ్య రోజూ వచ్చేది. సమోసాలు తెచ్చేది. టైర్ల మీద కూర్చుని ప్రశ్నలు వేసేది.

"ఈ నత్తగుల్లలాంటిదేనా టర్బో? ఇంత చిన్నదా?"

"చిన్నదే. నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంది."

"మీరేమో ఒక్క నట్టు తిప్పడానికి అరగంట తీసుకుంటున్నారు."

"మీరు లైటుకి అడ్డం కూర్చుంటే అంతే మరి."

ఆమె జరిగేది. జరిగి, ఇంకా దగ్గరగా కూర్చునేది. వాన రేకుల మీద పడుతుంటే అతనికి ఆమె మాటలు సగమే వినపడేవి. వినపడనివాటికి కూడా తల ఊపేవాడు.

ఆమె నవ్వినప్పుడల్లా అతనికి ఒకటే తోచేది. తన చేత్తో బిగిస్తున్న ఈ ఇనుమే రేపు ఆమెని మలుపులో తోస్తుంది. ఆ ఆలోచన వస్తే నట్టు మళ్ళీ విప్పి మళ్ళీ బిగించేవాడు.

మూడో వారంలో సదాశివరావు బంధువుల పెళ్ళికని బెజవాడ వెళ్ళాడు. మర్నాడు మధ్యాహ్నం ఒక పెద్దాయన గొడుగు ముడుచుకుంటూ వచ్చాడు.

"బాబూ, రవికిరణ్ అంటే నువ్వేనా? శరణ్య నాన్నని. అనంతరామయ్య."

రవికిరణ్ చేతులు తుడుచుకుని స్టూలు వేశాడు.

"కూర్చోను, ఆఫీసు లంచ్ టైములో వచ్చాను. మా అమ్మాయి ఇంట్లో నీ మాటే చెబుతుంది. ఆ టర్బో నువ్వు వద్దన్నావట కదా?"

"అన్నానండీ."

"నాకు ఫైళ్ళు తెలుసు గానీ ఇంజిన్లు తెలీవు. దాని జోరు కాస్త తగ్గించే వీలుందా? మా అమ్మాయికి తెలియకుండా."

"చెప్పి తగ్గిద్దామండీ."

"చెబితే ఒప్పుకుంటుందా? నీకు తెలీదూ?"

తెలుసు. ఆయన గొడుగు విప్పబోయి మళ్ళీ ముడిచాడు. రవికిరణ్ సరేనన్నాడు.

ఆయన వెళ్ళాక ల్యాప్‌టాప్ కారుకి తగిలించాడు. గాలి ఒత్తిడి పదిని ఐదు చేశాడు. నిమిషం కూడా పట్టలేదు. ఆ తర్వాత తాగిన టీ రుచి తెలియలేదు.

* * *

ఇంజిన్ విప్పిన కారు మొదటిసారి పరిగెత్తేటప్పుడు బిగించినవాడు పక్కన కూర్చోవాలి. అది ఆ గ్యారేజీ పద్ధతి. ప్రాక్టీసు రోజుకి సదాశివరావు ఇంకా బెజవాడలోనే ఉన్నాడు. రవికిరణ్ శరణ్య పక్కన కూర్చుని బెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

"ట్రాక్ చూడండి, ఎంత బాగుందో!" అంది.

"చూస్తున్నానండీ."

"కళ్ళు మూసుకునా?"

మొదటి రెండు మలుపులూ నెమ్మదివి. కాలు గట్టిగా నొక్కే చోటు మూడో మలుపే. ఆమె నొక్కింది. కారు బుద్ధిగా తిరిగింది.

"ఇంతేనా మీ టర్బో? మా నాన్న స్కూటర్ నయం. దీనికి ఇంత భయపడ్డారా?" అని నవ్వింది. "సరే, మంచిదే. మూడో మలుపులో మొదట్లోనే పూర్తిగా నొక్కేస్తాను. టైము అక్కడ తగ్గించొచ్చు."

పదకొండు చుట్లు అలాగే నొక్కి అలవాటు చేసుకుంది. రవికిరణ్ కళ్ళు తెరిచాడు. ఎన్నో రోజుల తర్వాత గుండె కుదురుగా కొట్టుకుంది.

టైమ్ రన్ నాడు పొద్దున్నే వాన మొదలైంది. అక్కడి షెడ్డులో కారుకి చోటు పట్టడానికి రవికిరణ్ ముందుగా మెట్రోలో, ఆటోలో ట్రాక్‌కి చేరాడు. కారు టో ట్రక్కు మీద వెనక వచ్చింది. వచ్చీ రాగానే శరణ్య నంబరు పిలిచారు. టైమ్ రన్‌లో పక్క సీటు ఖాళీగా ఉండాలి. ఆమె హెల్మెట్ పెట్టుకుని చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

ట్రక్కు డ్రైవర్ గుర్మీత్ ఒక కవరు ఇచ్చాడు. "బెజవాడ్ వాలే సాబ్ నే దియా" అన్నాడు. సదాశివరావుని అతను అలాగే పిలుస్తాడు.

కవరులో జాబ్ కార్డు. ముందురోజు రాత్రి ఊరినుంచి దిగిన సదాశివరావు కారు సరిచూశాడు. టిక్కు పక్కన వంకర అక్షరాలతో రాశాడు.

ఐదు ఉంది. పది చేశాను.

రవికిరణ్ చెవుల్లో వాన చప్పుడు ఆగిపోయింది.

ఆమె కాలు ఐదుకి అలవాటు పడింది. కారులో పది ఉంది. ట్రాక్ తడిసి ఉంది. మూడో మలుపులో మొదట్లోనే పూర్తిగా నొక్కుతుంది.

పరిగెత్తాడు. జెండా పట్టుకున్న మనిషి చెయ్యి పట్టుకుని లాగాడు.

"రెడ్ ఫ్లాగ్! భయ్యా, రోకో! గాడీ మే గడ్‌బడ్ హై!"

"కిస్‌నే కీ గడ్‌బడ్?" ఎవరు చేశారని ఆ మనిషి అడిగాడు.

ఒక్క క్షణం. అందరూ చూస్తున్నారు.

"మైనే" అన్నాడు. "నేనే చేశాను."

ఎర్ర జెండా లేచింది. అప్పుడే మూడో మలుపు వైపు నుంచి టర్బో ఈల లాంటి సన్నని చప్పుడు వచ్చింది. అది పెరిగింది. టైర్లు జారిన శబ్దం. తర్వాత ఏమీ లేదు.

బురదలో పడుతూ లేస్తూ పరిగెత్తాడు. గడ్డిలో ఎర్ర కారు వెనక్కి తిరిగి ఆగి ఉంది. లోపల ఆమె స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. కదలడం లేదు.

"శరణ్యా! శరణ్యా!"

మేడం అన్న మాట దారిలో ఎక్కడో పడిపోయింది.

ఆమె నెమ్మదిగా హెల్మెట్ తీసింది. దెబ్బ ఎక్కడా లేదు. ముఖం పాలిపోయి ఉంది.

"అదే మలుపు. అదే కాలు. ఈసారి ఏమైంది?"

"తప్పు నాది. ప్రాక్టీసుకి ఐదు పెట్టాను. నీకు చెప్పలేదు. సదాశివరావుగారు కార్డు చూసి పది చేశారు. నాకిప్పుడే తెలిసింది."

ఆమె హెల్మెట్ పక్క సీటులో పెట్టింది.

"అంటే పదకొండు చుట్లు నేను నేర్చుకున్నది ఈ కారు కాదు."

"కాదు."

"వద్దన్నావు, నేను విన్లేదు. ఠీక్ హై. పోట్లాడాల్సింది. నా వల్ల కాదని కారు తిప్పి పంపేయాల్సింది. ఇదేంటి?"

"భయం."

"దేనికి? గ్యారేజీ పేరు పోతుందనా?"

"కాదు."

"మరి?"

వాన అతని ముఖం మీద నుంచి కారుతోంది. తుడుచుకోలేదు.

"నువ్వు పోతావని."

ఆమె కారు తలుపు తెరిచింది. లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"చెయ్యి ఇవ్వు. కోపం తగ్గిందనుకోకు. చెయ్యి మటుకు ఇవ్వు."

* * *

టో ట్రక్కులో ముందున్నది ఒకటే పొడుగు సీటు. గుర్మీత్, మధ్యలో రవికిరణ్, కిటికీ పక్కన శరణ్య. గుర్మీత్ పాటలు పెట్టాడు. ఇద్దరి ముఖాలూ చూసి తీసేశాడు.

ట్రక్కు సోహ్నా దాటింది. తర్వాత రవికిరణ్ నవదీప్ సంగతి చెప్పాడు. ఎవరూ అడగకుండానే మొత్తం చెప్పాడు. ఆసుపత్రిలో నవదీప్ వాళ్ళమ్మ తనని ఒక్క మాట కూడా అనకపోవడం దాకా.

"ఇది మొదటి రోజే చెప్పాల్సింది" అంది శరణ్య.

"నువ్వు నవ్వేదానివి."

"నవ్వేదాన్నే. ఆ తర్వాత వినేదాన్ని."

గ్యారేజీ ముందు అనంతరామయ్య నిలబడి ఉన్నాడు. వాన చూసి ఇంట్లో కూర్చోలేక వచ్చేశాడట. ట్రక్కు మీద బురద కొట్టుకున్న కారుని చూడగానే ఆయన గొడుగు వదిలేసి ఎదురొచ్చాడు. కూతురు దిగి ఎదురుగా నిలబడ్డాక ఆమె భుజాలు తడిమి చూసుకున్నాడు.

"నాకేం కాలేదు నాన్నా. కారు గడ్డిలోకి తిరిగింది, అంతే. ఈయన నాకు చెప్పకుండా ఒత్తిడి తగ్గించాడు."

"లంచ్ టైములో వచ్చి తగ్గించమన్నది నేనమ్మా" అన్నాడాయన. "బాబు చెప్పి చేద్దామన్నాడు. నేనే వద్దన్నాను."

శరణ్య రవికిరణ్ వైపు తిరిగింది. "దారి పొడుగునా చెప్పావు. నాన్న పేరు చెప్పలేదేం?"

"ఆయన అడిగారు. చేసిన చెయ్యి నాది."

సదాశివరావు లోపలి నుంచి కొత్త కార్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఐదు చూసినప్పుడు నేను ఫోన్ చేసి అడగాల్సింది. నలభై ఏళ్ళలో ఎప్పుడూ అడగలేదు" అన్నాడు. ఆయనకి అది పెద్ద ప్రసంగం.

శరణ్య కలం తీసుకుంది.

"ఇప్పుడు నేను అడుగుతున్నాను. టర్బోనా, సూపర్‌చార్జరా? భయం కూడా కలిపి చెప్పు."

"సూపర్‌చార్జర్. పై వేగంలో పవర్ కొంచెం తగ్గుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఇంజిన్ వేడెక్కుతుంది, దాన్ని చూసుకోవాలి. కానీ నీ కాలికీ చక్రానికీ మధ్య ఎవరూ ఉండరు."

ఆమె తనే రాసింది. రాసి అతని సంతకం పెట్టించుకుంది.

"నువ్వు చెప్పావని కాదు. ఆ మలుపు చెప్పింది. ఎన్నాళ్ళు పడుతుంది?"

"నెల."

"అంటే నెల రోజులూ సాయంత్రాలు ఇక్కడేనా?" అన్నాడు అనంతరామయ్య.

"ఇక్కడే. మీరూ రండి నాన్నా. ఈసారి లంచ్ టైములో దొంగచాటుగా కాదు."

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. తుడుస్తూనే రవికిరణ్‌తో అన్నాడు. "ఆదివారం మా ఇంటికి భోజనానికి రా బాబూ. ఇవాళ్టి సంగతి వాళ్ళమ్మకి నేనొక్కణ్ణే చెప్పలేను."

సదాశివరావు ఆయన్ని టీకి తీసుకెళ్ళాడు. గ్యారేజీలో వాళ్ళిద్దరే మిగిలారు.

"శరణ్యా, ఇంకొక భయం ఉంది" అన్నాడు రవికిరణ్.

"చెప్పు. దాచావంటే చంపేస్తాను."

"నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడగాలని ఉంది. కాదంటావని భయం."

"అడిగేశావుగా."

"అడిగానా?"

"ఇప్పుడే."

ఆమె నవ్వలేదు. గ్రీజు అంటిన అతని వేళ్ళు పట్టుకుంది.

"నాకూ భయంగానే ఉంది రవీ. ఇది కారు కాదు, పది నిమిషాల్లో దిగిపోవడానికి."

"మరి?"

"అవును" అంది. అతని వేళ్ళు వదల్లేదు. "అవును, చేసుకుంటాను."