పొన్నూరు దాటిన ఫోటాన్

ఎవరి చేతిలోనైనా బరువైన సంచీ కనిపిస్తే జయరావు చేతులు ఊరుకోవు. ఎనభై నాలుగు సెప్టెంబర్‌లో ఒక ఉదయం కూడా అంతే. చీరాల నుంచి గుంటూరు వెళ్లే ఎర్రబస్సు పొన్నూరులో ఎక్కాడో లేదో, నడవకి అడ్డంగా ఉన్న నేతసంచీని పట్టుకుని, "పైన పెడతానండీ" అన్నాడు.

"వద్దండీ! అందులో..." అంటూనే ఉంది కిటికీ పక్కనున్న అమ్మాయి.

సంచీ కాస్త లేచింది. అడుగు చిరిగింది. నల్లటి ఇటుక ఒకటి సూటిగా వచ్చి అతని బొటనవేలి మీద పడింది.

"ఓరి దేవుడో!"

బస్సంతా తిరిగి చూసింది. "ఏందమ్మా, బంగారం గానీ తెస్తన్నావా?" అన్నాడు కండక్టర్.

"సీసం. మా ల్యాబ్‌కి," అంది ఆ అమ్మాయి కోపంగా. "బ్యాటరీల షాపాయన్ని బతిమాలి ఇటుకలుగా పోత పోయించాను. చీరలనుకున్నారా మీరు?"

నిజంగా చీరలనే అనుకున్నాడు. ఆ మాట పైకి అనకపోవడం ఒక్కటే ఆ రోజు అతను చేసిన తెలివైన పని.

కుంటుకుంటూ గుంటూరులో కాలేజీకి చేరి, ఫిజిక్స్ ల్యాబ్‌లో కొత్త రీసెర్చ్ స్కాలర్‌గా అడుగుపెడితే, ఎదురుగా అదే అమ్మాయి! ప్రొఫెసర్ హయాత్ గారు నవ్వుతూ, "ఈమె రెబ్కా. ప్రయోగం ఈమెది, ఎలక్ట్రానిక్స్ నీది" అన్నారు.

"పరిచయం అయిందండీ" అంది రెబ్కా, అతని కాలి వైపు చూస్తూ.

ఆమె వెతుకుతున్నది ఇంతవరకూ ఎవరూ చూడని కణాన్ని. ఉండొచ్చని కాగితం మీద లెక్కలు చెప్తున్నాయి, అంతే. రేడియోధార్మిక పదార్థం చుట్టూ సీసం గోడ కట్టింది. మామూలు కాంతి కణాలు, అంటే ఫోటాన్లు, ఆ గోడ దాటలేవు. ఆ పదార్థంలోంచి ఈ వింత కణం వస్తే మాత్రం గోడ దాటి, అవతల రెండు ఫోటాన్లుగా విడిపోవాలి. అవి ఒకే క్షణంలో అటో డిటెక్టర్‌కి, ఇటో డిటెక్టర్‌కి తగలాలి.

"కలిసి పుట్టినవి కలిసే రావాలి. నేను ఆ జతల కోసం కాచుకుని కూర్చుంటాను" అంది రెబ్కా.

జయరావుకి ఆ మాట ఎందుకో చాలా నచ్చింది. రోజూ ఒకే బస్సులో రావడం, ఐదు గంటల బస్సులో కలిసి వెళ్లడం అలవాటైంది. కిటికీలోంచి పత్తి చేలు, మిరప తోటలు వెనక్కి పోతుంటే ఆమె ఫోటాన్ల గురించి చెప్పేది. అతను ఫోటాన్ల సంగతి సగం, ఆమె గొంతు సగం వినేవాడు.

కొన్నాళ్లకి జతలు అనుకున్నదానికన్నా ఎక్కువ రావడం మొదలైంది. రెబ్కా కాలు నేల మీద నిలవలేదు. వారంలో సెమినార్. హయాత్ గారు అందరినీ పిలిచారు.

ఆ మధ్యాహ్నం వాన పట్టుకుంది. ల్యాబ్ కప్పు రెండుచోట్ల కారుతుంటే కింద రెండు గిన్నెలు పెట్టారు. టప్, టప్. అప్పుడప్పుడూ రెండింట్లోనూ ఒకేసారి చినుకు పడుతోంది. వింటూ వింటూ జయరావు గతుక్కుమన్నాడు.

చెబితే ఈ అమ్మాయి మళ్లీ తన మొహం చూడదేమో. చెప్పకపోతే సెమినార్‌లో నలుగురిలో నవ్వులపాలవుతుంది. గిన్నెల వైపు చూపిస్తూ అడిగాడు.

"రెబ్కాగారూ, ఆ రెండు చినుకులకీ సంబంధం ఉందంటారా?"

"ఎందుకుంటుంది?"

"మన డిటెక్టర్లకి ఎక్కడెక్కడివో ఫోటాన్లు చాలా తగులుతున్నాయి. అందులో కొన్ని ఊరికే ఒకేసారి పడుతున్నాయేమో. ఒక డిటెక్టర్ సిగ్నల్‌ని కాస్త ఆలస్యం చేసి చూడండి. కలిసి పుట్టిన జతలైతే విడిపోతాయి, జతల లెక్క తగ్గిపోతుంది. తగ్గకపోతే అవన్నీ దారిన పోయేవే."

రెబ్కా మొహం వాడిపోయింది. "సెమినార్‌కి వారం ముందా చెప్పేది? నేను పైకి రావడం మీకు ఇష్టం లేదు."

జయరావుకి ఆ మాట ఇటుక కన్నా గట్టిగా తగిలింది.

మర్నాడు ఆమె ఒక్కతే కూర్చుని ఆలస్యం పెట్టి చూసింది. జతల లెక్క తగ్గలేదు. అతనితో ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా, తలుపు తోసుకుని హయాత్ గారి గదిలోకి వెళ్లింది.

ఆ సాయంత్రం ఐదు గంటల బస్సుకి రెబ్కా రాలేదు. బస్సు వెళ్లింది. వెనకాల ఇంకొకటీ వెళ్లింది. వానకి బస్టాండంతా బురద. జయరావు స్తంభానికి ఆనుకుని నిలబడే ఉన్నాడు. చివరికి తడిసిన గొడుగుతో ఆమె వచ్చింది.

"మీరింకా వెళ్లలేదా?"

"మొదటి బస్సులో చోటు లేదండీ."

"రెండోదాంట్లో?"

"చోటు మరీ ఎక్కువుంది."

రెబ్కా నవ్వు ఆపుకుంది. "మీమీద కోపం మధ్యాహ్నానికే పోయింది. ఆ కణం ఉన్నా నేను అనుకున్నంత తరచుగా కనిపించదని తేలడం కూడా ఫలితమేనట. సెమినార్‌లో అదే చెప్పమన్నారు సార్."

"మరి ఇంత ఆలస్యమెందుకు?"

"కావాలనే. ఉంటారో పోతారో చూద్దామని." గొడుగు మడిచింది. "కానీ మీ లెక్క ప్రకారమే చెప్పండి. ఆలస్యం పెట్టినా జత విడిపోలేదంటే ఏమిటర్థం? మనం దారిన పోయేవాళ్లమనేగా?"

జయరావు చెప్పేశాడు.

"ఫోటాన్ ఎవరికోసమూ ఆగదండీ. నేను ఆగాను."

ఇద్దరూ బస్సెక్కి ఒకే సీట్లో కూర్చున్నారు, మధ్యలో ఆమె సంచీ పెట్టుకుని.

"పొన్నూరు! పొన్నూరోళ్లు దిగాల!" అని అరిచాడు కండక్టర్. జయరావు కదల్లేదు.

"మీ ఊరొచ్చింది" అంది రెబ్కా.

"మీ చీరాలకే టికెట్ తీసుకున్నాను. మీ అమ్మగారితో మాట్లాడాలి."

"ఏమని?"

ఇంతదూరం ఆలోచించలేదు పాపం. "ఆ రోజు సంచీ చింపింది నేనేనని."

"అది అమ్మకి ఆ రోజే తెలుసు. 'ఆ అబ్బాయి కాలు తగ్గిందా' అని రోజూ అడుగుతోంది."

అంటే రోజూ ఇంట్లో తన మాట వస్తోందన్నమాట! జయరావు ఆమె వైపు చూశాడు. ఆమె గబగబా సంచీ చేతిలోకి తీసుకుంది.

"కాలు తియ్యండి" అని, దాన్ని జాగ్రత్తగా కింద పెట్టి, కొంచెం దగ్గరగా జరిగింది.