ఎముక విన్న మాట

భీమిలి తీరాన పాత ఓడలను విరగ్గొట్టే యార్డులో నలభై దాటినవాడికి చెవులు పనిచేస్తున్నాయంటే, వాడు పని ఎగ్గొట్టాడని అర్థం. 2091 నాటికి ఇదొక మామూలు మాటైపోయింది. ప్లాస్మా కత్తులు వచ్చాయి, మరమనుషులు వచ్చారు. అయినా ఓడ పొట్టలోకి దూరి తుప్పు రాల్చడానికి యంత్రం కంటే మనిషే చవకగా దొరికాడు. ఇనుము మీద ఇనుము మోగే ఆ గోలలో చెవులు ఎంతకాలం నిలుస్తాయి?

పనివాళ్ళ కాలనీలో ఇళ్ళు కూడా ఓడల నుంచి కోసుకొచ్చిన గదులే. ఒకదాని మీద ఒకటి పేర్చి, కిటికీలు తొలిచారు. నేల ఇనుము, గోడ ఇనుము. అక్కడ ఎవరూ ఎవరినీ నోటితో పిలవరు, నేల మీద తడతారు. ఓడ లోపల పనివాళ్ళు కనిపెట్టుకున్న ఆ తట్టుభాష వాళ్ళతోపాటే ఇంటికొచ్చి వంటింట్లో స్థిరపడింది. అన్నానికి రమ్మనడానికి ఒక తట్టు, నీళ్ళొచ్చాయనడానికి ఒకటి, ఆపదలో ఉన్నాను రమ్మనడానికి ఇంకొకటి. చెవి వినకపోయినా అరికాలు వింటుంది.

నూకరాజు కూతురు పుట్టకముందే ఆ యార్డులో చెవులు పోగొట్టుకున్నాడు. అతని ఒక్కగానొక్క కూతురు వకుళ విశాఖలో వినికిడి శాస్త్రవేత్త అయింది. ఆమె తయారుచేసిన పరికరం పేరు అస్థిశ్రవణి.

శబ్దం మనలోకి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి గాలి దారి, రెండోది ఎముక దారి. ఎముక దారిని వాడుకునే బోన్ కండక్షన్ పరికరాలు ఎప్పటినుంచో ఉన్నాయి. కానీ లోపలి చెవిలోని నత్తగుల్ల చచ్చిపోయినవాళ్ళకు వాటివల్ల ఉపయోగం లేదు. శనగగింజంత ఉండే అస్థిశ్రవణి చెవి వెనక చర్మం కింద కూర్చుని, ఎముకలో పుట్టే అదురును నేరుగా శ్రవణనాడికి అందిస్తుంది. బజారు రొద చొరబడకుండా వకుళ ఇంకో ఏర్పాటు చేసింది. మాట్లాడే మనిషి వినే మనిషిని ముట్టుకోవాలి. మాట ఒక ఎముక నుంచి ఇంకో ఎముకకు నడిచి వెళుతుంది. ముట్టుకున్నవాళ్ళ మాట తప్ప మరేదీ వినబడదు.

మొదటి పరికరాన్ని తండ్రికే అమర్చింది. భుజం మీద చెయ్యి వేసి "నాన్నా" అంది. కూతురి గొంతు ఎలా ఉంటుందో అంతవరకూ తెలియని నూకరాజు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వకుళ కూడా ఆనందం పట్టలేక ఏడ్చింది.

ఆ ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు. ఒక ఆదివారం వకుళ తండ్రి తలకు నూనె రాస్తుంటే అతను ఉన్నట్టుండి తల వెనక్కి లాక్కున్నాడు. నూనె పడట్లేదన్నాడు. ఆ తర్వాత ఆమె దగ్గరికొస్తే లేచి కుర్చీ మార్చేవాడు. ఏదైనా చెప్పాలంటే నేల మీద తట్టమనేవాడు. పరికరం నొప్పి పెడుతోందేమోనని వకుళ హడలిపోయింది. అనుమతి సంఘం ముందుకు వెళ్ళాల్సిన రోజు దగ్గర పడుతోంది. లోపమేమిటో తేలకపోతే యార్డులోని చెవిటివాళ్ళందరి ఆశా గల్లంతే.

ప్రయోగశాలలోని పరీక్షాయంత్రం పేరు నికషం. దానికి మొహమాటం లేదు, మనిషి కాదు కాబట్టి.

"లోపం లేదు" అంది నికషం. "అవసరానికి మించి బాగా పనిచేస్తోంది. మాటల్లో ఆలోచించేటప్పుడు మనుషుల గొంతు కొద్దిగా కదులుతుంది. ఆ అదురు వేలికొనల దాకా వస్తుంది. మీరు పలికినవీ, పలకకుండా మింగినవీ ఆయనకు రెండూ వినబడుతున్నాయి."

పరికరంలో నమోదైనదాన్ని చూసి, ఆదివారం ఏం వినబడిందో చెప్పమంది వకుళ.

"నోటితో అన్నది, 'నూనె చల్లగా ఉందా నాన్నా?' లోపల అన్నది, 'అమ్మ అరిచింది. పై ఇంటివాళ్ళకు వినబడింది. నీకే వినబడలేదు.'"

నోటితో పలకరించి నొసటితో వెక్కిరించడం మనకు కొత్తేమీ కాదు. కానీ వకుళ తనను ఆ జాబితాలో ఎప్పుడూ వేసుకోలేదు. ఆమె హాస్టల్లో ఉన్న రోజుల్లో తల్లి పైడమ్మ స్నానాలగదిలో జారిపడి, నెత్తురోడి చనిపోయింది. పక్కగదిలో నూకరాజు ఉన్నాడు. అరుపు విని పైనుంచి మనుషులు దిగివచ్చేసరికే అంతా అయిపోయింది. పైడమ్మ నేల తట్టలేదని, తడితే తనకు తెలిసేదని అతను అందరితో చెప్పుకున్నాడు. వకుళ తండ్రిని ఓదార్చింది, చెవులు లేకపోవడం నేరమా అని బంధువుల నోళ్ళు మూయించింది. లోపల మాత్రం ఆ మాట చావలేదు. నిజానికి ఆ కోపంలోంచే అస్థిశ్రవణి పుట్టింది.

సిగ్గుతో కుంగిపోతూ ఇంటికి వెళ్ళింది. తప్పయిందని దూరంగా నిలబడి తట్టి చెప్పింది. నూకరాజు తల అడ్డంగా ఊపి, అందులో తప్పేముందన్నాడు. ఆ మంచితనానికి ఆమె గుండె తరుక్కుపోయింది. తండ్రి దుఃఖాన్ని తను కూడా ఎముకతో వింటే ఈ పాడు కోపం వదిలిపోతుందనుకుంది. పరీక్షల కోసం పైనుంచి అంటించుకునే పరికరం ఒకటి సంచిలో ఉంది. దాన్ని చెవి వెనక పెట్టుకుని అతని చెయ్యి అందుకుంది.

"వొద్దు తల్లీ" అని అతను చెయ్యి లాక్కోబోయాడు. మొహమాటమనుకుని ఆమె గట్టిగా పట్టుకుంది. ఆ రోజు ఏం జరిగిందో ఇంకొక్కసారి చెప్పమంది.

"ఏటుంది సెప్పడానికి? సెవులు లేనోడిని, అరుపు వినపడ్నేదు. మీయమ్మ నేలైనా తట్టనేదు. తడితే పరిగెట్టుకు ఎల్లనా?"

ఆ గొంతు కిందనుంచి, మణికట్టు ఎముకలోంచి, అదే గొంతు ఇంకోలా వినిపించింది.

"తట్టింది. నా కాలికి తెలిసింది. పొద్దున్న పదిమందిలో నన్ను సెవిటోడా అంది, పెదాలు సూస్తే తెలిసింది. తట్టనీ, కాసేపు తట్టనీ అనుకున్నాను. మరి తట్టడం ఆగిపోనాది."

వకుళ అతని కళ్ళలోకి చూసింది. తన లోపలి మాట కూడా అతనికి వినబడుతోందని అప్పుడు గుర్తొచ్చింది. అది ఏ మాటో ఇక్కడ రాయడం నాకిష్టం లేదు. నూకరాజు కళ్ళు మూసుకుని ఆ మాట మొత్తం విన్నాడు. ముందుగా చెయ్యి వదిలింది ఆమే.

అస్థిశ్రవణికి వడపోత అమర్చడానికి వారం కూడా పట్టలేదు. ఇప్పుడది నోరు పలికిన మాటనే పంపుతుంది. ముందున్న సున్నితత్వం ఎందుకు తగ్గించారని అనుమతి సంఘంలో ఒక పెద్దాయన అడిగాడు. అదంతా అనవసరమైన రొదేనని వకుళ జవాబిచ్చింది. సంఘం ఆమెను మెచ్చుకుని అనుమతి ఇచ్చింది.

వడపోత ఉన్న మొదటి పరికరాన్నీ ఆమె తండ్రికే అమర్చింది. భుజం మీద చెయ్యి వేసి, "నీ మీద నాకు ఏ కోపమూ లేదు నాన్నా" అంది.

ప్రతి అక్షరమూ బాగా వినపడుతున్నాదని నూకరాజు చెప్పాడు.