ఖాళీ చేసిన చోటు

"నా దగ్గర బాగానే పనిచేస్తోందే" అన్నాడు మనవాడు, స్క్రీన్ మీదనుంచి కళ్ళు తిప్పకుండా.

ఈ ఒక్క ముక్క అడ్డం పెట్టుకుని ఎంతమంది ప్రోగ్రామర్లు ఎన్ని ఆఫీసుల్లో తప్పించుకు తిరుగుతున్నారో లెక్కలేదు. కానీ ఇప్పుడు ఎదురుగా నిలబడ్డది భూతద్దం.

ఆమెకి ఆ పేరు పెట్టింది అతనే. ఆమె నాన్నది కళ్ళజోళ్ళ షాపు, ఆమె ఉద్యోగమేమో ఇతరుల కోడ్‌లో లొసుగులు వెతకడం. ఇంకేం కావాలి? బదులుగా ఆమె అతనికి 'చూద్దాం' అని పేరు పెట్టింది. ఏది అడిగినా అతని నోట మొదట వచ్చేది ఆ మాటే కాబట్టి, అది అతికినట్టు సరిపోయి ఆఫీసంతా పాకింది.

వాళ్ళు తయారుచేస్తున్నది ఆసుపత్రి మానిటర్లలో నడిచే ప్రోగ్రాం. మంచం పక్కన ఉండి, రోగి గుండె తీరు గమనిస్తూ, తేడా వస్తే అలారం మోగించే పెట్టె అది. అలారం భాగం రాసింది మనవాడు. సోమవారం అది ఆసుపత్రికి వెళ్ళాలి. శుక్రవారం పొద్దున్నే ఆమె దాన్ని వెనక్కి తిప్పికొట్టింది.

"నీ దగ్గర కాదు, నా దగ్గరకొచ్చి చూడు" అంది.

టెస్టింగ్ గది కిటికీ మీద వాన టపటపా కొడుతోంది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "టెస్టు కోసం పెట్టిన నాలుగో మంచం పేషెంటుని ఇంటికి పంపేస్తున్నా. ఇప్పుడు ఆయన వివరాలున్న మెమరీని నీ కోడ్ ఏం చేసింది?"

"తిరిగిచ్చేసింది. పనయ్యాక చోటు ఖాళీ చేయాలిగా."

"మరి అలారం ఎక్కడ చూస్తోంది?"

అలారం ఇంకా ఆ చోట్లోకే తొంగిచూస్తోంది. పాత పేషెంటు పేరు, పాత అంకెలు, అన్నీ చెక్కుచెదరకుండా అక్కడే ఉన్నాయి.

"చూశావా, ఏం పాడవలేదు" అన్నాడు మనవాడు, గెలిచినట్టు.

"ఎందుకు పాడవలేదో తెలుసా? ఆ చోట్లోకి ఇంకా ఎవరూ రాలేదు కాబట్టి. అది నీది కాకుండా పోయింది. నీ సామాను కనిపిస్తోంది, అంతే."

ఆమె తన లాప్‌టాప్‌లోంచి ఒక సందేశం పంపింది. సరిగ్గా ఆ ఖాళీలో పట్టేలా కొలిచి తయారుచేసిన సందేశం. అది వెళ్ళి అక్కడే కూర్చుంది. పాపం, అలారానికి ఆ సంగతి తెలియదు. పాత చిరునామా పట్టుకుని వెళ్ళి, ఆమె రాసిందే నిజమనుకుని చదువుకుంది. గుండె వేగం ఎంతకి పడిపోతే మోగాలో చెప్పే అంకె దగ్గర ఆమె సున్నా పెట్టింది.

తర్వాత ఆ మంచానికి ఒక నకిలీ గుండెని తగిలించి, వేగం తగ్గిస్తూ పోయింది. పెట్టె మోగలేదు. తెర మీద గీత చదునైపోయింది. అప్పటికీ మోగలేదు.

"నేను చేసింది ఎవరైనా చేయొచ్చు. ఆసుపత్రి నెట్‌వర్క్‌లోకి దూరితే చాలు" అంది మెల్లగా.

మనవాడికి ముందు ఆమె మీద కోపం వచ్చింది, వెంటనే తన మీద తనకే సిగ్గేసింది. ఏం మాట్లాడాలో తోచక, అలవాటు కొద్దీ, "చూద్దాంలే. సాయంత్రం షాపు దగ్గర దింపనా?" అన్నాడు.

"వద్దు. ఆదివారం కూడా మా ఇంటికి రాకు."

"అదేంటి?"

"పిన్ని ఒక సంబంధం చూసింది. అతను మమ్మల్ని కలవడానికి వస్తున్నాడు. నువ్వక్కడ కూర్చుని మా నాన్నని మామయ్యా, మామయ్యా అంటుంటే బాగుండదు."

"మరి మనం?"

"మనం ఏంటి? ఎండాకాలంలోనే చెప్పాగా బస్‌స్టాప్‌లో, ఇంక చాలు, విడిపోదాం అని."

"కోపంలో అన్నావనుకున్నా. ఆ తర్వాత కూడా మామూలుగానే మాట్లాడావు. ఇంటికొస్తే టీ ఇచ్చావు."

"ఇంటికొచ్చినవాళ్ళకి టీ ఇవ్వక ఏం చేస్తాం? మీ అమ్మకి మన సంగతి చెప్పు, చెప్పు అని రెండేళ్ళు నీ వెంటపడ్డా. చూద్దాం అన్నావు. చూస్తూనే ఉన్నావు." ఆమె గొంతు వణికింది. అది అతనికి వినపడకూడదని కాబోలు, గబగబా లాప్‌టాప్ మూసి బయటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మనవాడు తడుస్తూ ఇంటికి చేరేసరికి, వాళ్ళమ్మ మర్నాటి డ్యూటీకి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. ఆవిడ నర్సు. రెండేళ్ళు గొంతులో ఇరుక్కున్న ఆమె సంగతి, వాళ్ళ కళ్ళజోళ్ళ షాపుతో సహా, తల తుడుచుకునేలోపు బయటపడిపోయింది.

ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "దీనికా ఇన్నాళ్ళు నాన్చావు?"

"అక్క పెళ్ళి కాకుండా నా సంగతెత్తితే బాధపడతావేమోనని..."

"అక్కకి కూతురు కూడా పుట్టిందిరా."

"తర్వాత నాన్న ఆపరేషన్..."

"ఆయన రోజూ పార్కు చుట్టూ నడిచొస్తున్నాడు. మా మీదికి నెట్టకు నాయనా. నీకు బద్ధకం, భయం, రెండూ ఉన్నాయి." ఆవిడకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "ఆ పిల్లకి ఇష్టమేనా?"

"ఎప్పుడో ఒప్పుకుంది."

"ఎప్పటి సంగతో నేనడగలేదు. ఇప్పుడు?"

మనవాడు తువ్వాలు పక్కన పడేశాడు. ఆమె ఎప్పుడో తనని వదిలేసింది. ఆ చోట్లోకి ఇంకెవరూ రాలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటూ, తను రోజూ అదే తలుపు తోసుకుని వెళ్తున్నాడు. ఎల్లుండి ఒకడొచ్చి అక్కడ కూర్చుంటే అప్పుడు తెలిసేది. పొద్దుట నుంచీ కళ్ళముందే ఉన్న విషయం ఇప్పుడు గుండెలో కలుక్కుమంది.

"తెలీదమ్మా."

"అయితే ముందు తెలుసుకో. రేపే వెళ్ళి అడుగు" అని ఆవిడ మళ్ళీ ఇస్త్రీలో పడింది.

సోమవారం గడువు నెత్తిమీద ఉంది కాబట్టి శనివారం పొద్దున ఇద్దరూ ఆఫీసుకి వచ్చారు. మనవాడు పైపై అతుకులు వేయలేదు. పాత చిరునామా పట్టుకుని ఎక్కడెక్కడ ఎవరున్నారో కోడ్ అంతా జల్లెడ పట్టాడు. ఇకమీదట దాన్ని వాడే భాగాలన్నీ చెయ్యి తీశాకే చోటు తిరిగివ్వాలి. మళ్ళీ కావాలంటే కొత్తగా అడగాలి. ఆమె పాత దాడే చేసి చూసింది. ఈసారి పెట్టె గదంతా అదిరేలా మోగింది. "సరిపోయింది" అని ఒక్క ముక్క అని, బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం అతను షాపుకి వెళ్ళాడు. ఆమె కౌంటర్ దగ్గర ఫ్రేములు తుడుస్తోంది. వెనకాల వాళ్ళ నాన్న మెషిన్ మీద అద్దాలు అరగదీస్తున్నాడు.

"నమస్కారమండీ" అన్నాడు మనవాడు.

పెద్దాయన తలెత్తి చూశాడు. "అదేంటోయ్, మామయ్య ఏమయ్యాడు?"

"అలా పిలవొచ్చని మీరు చెప్తే పిలుస్తానండీ. అప్పటిదాకా వద్దు."

ఆయన ఏదో అర్థమైనట్టు తలూపి మళ్ళీ మెషిన్ మీదికి వంగాడు.

"నిన్న అమ్మకి చెప్పా" అన్నాడు మనవాడు ఆమెతో.

"ఏమన్నారు?"

"నన్ను తిట్టింది. నిన్ను అడగమంది." చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఇదివరకు నువ్వు అవునన్నావు. అది ఇప్పుడు చెల్లదు, నేనే పోగొట్టుకున్నా. కాబట్టి కొత్తగా అడుగుతున్నా. నువ్వంటే నాకు ప్రాణం. నన్ను పెళ్ళి చేసుకుంటావా? వద్దంటే మళ్ళీ ఇటువైపు రాను. రేపు అతన్ని కలవొద్దని మాత్రం అనను. అనే హక్కు నాకు లేదు."

ఆమె తుడిచిన ఫ్రేమునే మళ్ళీ తుడిచింది. "ఇంత మాట నీ నోట ఎప్పుడూ వినలేదు" అంది.

"భయమేసింది కాబట్టి వచ్చింది."

"ఒక లొసుగు నా దగ్గరా ఉంది." ఆమె తలెత్తలేదు. "విడిపోదాం అన్నా. నోటితో అన్నా, అంతే. వదల్లేకపోయా. నువ్వు రాని ఆదివారం గుమ్మం వైపే చూస్తూ కూర్చునేదాన్ని. ఈ సంబంధానికి సరే అంటేనైనా నా మనసులోంచి పోతావేమోనని చూశా. పోలేదు."

మనవాడు ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపి, ఫోన్ అందుకుంది.

"పిన్నీ, రేపు అతన్ని రావద్దని చెప్పు. లేదు, ఒంట్లో బాగానే ఉంది. అతనిలో తప్పేం లేదు పిన్నీ, నేనే ఇంకొకర్ని ప్రేమిస్తున్నా." అవతల పిన్ని ఏమందో గానీ, ఆమె కళ్ళు నిండిపోయాయి. "ఆఁ, చాలా రోజులుగా. నాన్నకా? ఇంకా చెప్పలేదు."

వెనకాల మెషిన్ ఆగింది.

"నాకు తెలుసని చెప్పమ్మా" అన్నాడు పెద్దాయన. "పొద్దున నువ్వు ఆఫీసులో ఉండగా నర్సు యూనిఫాంలో ఒకావిడ వచ్చి కళ్ళజోడు కావాలంది. పరీక్ష చేస్తే చూపులో ఏ లోపమూ లేదు. అప్పుడు ఒప్పుకుంది. మావాడు ఇవాళ మీ అమ్మాయిని అడగడానికి వస్తాడండీ, కొంచెం మెల్లగా మాట్లాడతాడు, మధ్యలో ఆపేయకండి అని బతిమాలి వెళ్ళింది."