ఆఖర్న నడిచేది

హైమావతి పదిహేడో పూరకాన్ని వరసలో సరిచూసి, ముద్ర కొట్టి, పద్దెనిమిదోదానికి చెయ్యి చాచింది. పొద్దుట్నించీ ఇదే పని. నగరంలో ప్రతి ఇంటికీ చలువ, నీళ్లు, దీపాలు ఎంతెంత ఉండాలో అమరికకోశంలో రాసి ఉంటుంది. గంటగంటకీ పూరకాలన్నీ, అంటే ఒక్కో శాఖ పంపిన చిన్న ప్రోగ్రాములు, ఒకదాని తర్వాత ఒకటి నడిచి, దేని వంతుకి అది ఆ అంకెల్ని దిద్దిపోతాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది వరసకర్త చేతిలో, అంటే హైమావతి చేతిలో ఉంటుంది. బయట యాభై డిగ్రీల ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల పంతొమ్మిదేళ్లుగా అదే కుర్చీ, అదే నడుంనొప్పి.

నగర మండలిలో ఒక మర్యాద ఉంది. ముందొచ్చిన శాఖ పూరకానికి ముందు వరస. కొత్తది ఆఖర్న నిలబడాలి. పెద్దల్ని వెనక్కి నెట్టారన్న మాట రాకూడదని ఎవరో మహానుభావుడు పెట్టిన పద్ధతి. ఇదేమిటని అడిగిన పాపాన ఎవరూ పోలేదు, హైమావతితో సహా.

ఫోను మోగింది.

"అమ్మా, నాను మంగమారిపేట పోలమ్మనండి. మూడోసారి సేస్తన్నాను."

"చెప్పమ్మా."

"మా పాపకి పుట్టుకతోనే సెమట పట్టదు. ఇంట్లో ఇరవై రెండు డిగ్రీలుండాలని డాక్టరు రాసిచ్చారు, మీవోళ్లు ఇచ్చారు కూడాను. సోమారం నుంచీ ఇరవై ఎనిమిది కాడే ఆగిపోతంది. తడిగుడ్డలు సుడతన్నాను, అయినా ఒళ్లు కాలిపోతంది. ఏటి సెయ్యమంటారు?"

"ఉండమ్మా, చూస్తాను."

ఆ ఇంటి నడకచిట్టా తెరిచింది. నాలుగో వరసలో వైద్యపూరకం: ఇరవై రెండుగా దిద్దాను, సఫలం. అన్నిటికన్నా కింద, నిన్న తన చేత్తో ఎక్కించిన పొదుపుపూరకం: ఏ ఇల్లూ ఇరవై ఎనిమిదికి తగ్గరాదు గనుక ఇరవై ఎనిమిదిగా దిద్దాను, సఫలం. రెండూ నిజమే చెబుతున్నాయి. ఇన్నాళ్లూ రెండు పూరకాలు ఒకే అంకె మీద పడలేదు కాబట్టి జనం బతికిపోయారు. ఆఖర్న దిద్దినవాడి మాటే నిలుస్తుందని పంతొమ్మిదేళ్లలో ఒక్కసారైనా తట్టలేదే! ఆమెకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

పక్క బల్ల దగ్గర, వచ్చే నెల రిటైరవబోయే గవర్రాజు తొంగిచూశాడు.

"ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్లేదు మేడం. ఆ ఒక్క ఇంటికీ చేత్తో దిద్దేయండి."

"గంటలో పొదుపు మళ్లీ నడుస్తుంది. మళ్లీ ఇరవై ఎనిమిదే."

"శుక్రవారం మండలి కూర్చుంటుంది కదా, అప్పుడు పెడదాం."

"ఇవాళ మంగళవారమండీ. ఆ పిల్ల అందాకా ఆగుతుందా?"

ఆమె వైద్యపూరకాన్ని నాలుగో వరస నుంచి తీసి అట్టడుగున పెట్టింది. గవర్రాజు గుండెలు బాదుకున్నంత పని చేశాడు.

"ఓరి నాయనో! వైద్యశాఖని ఆఖర్న నిలబెడతారా? మీ ఉద్యోగం ఊడుతుంది మేడం."

"ఊడనీండి. అలిసిపోయాను."

మార్పుకు కారణం రాయందే కోశం ఒప్పుకోదు. రాసింది అన్ని శాఖలకీ వెళుతుంది. 'సాంకేతిక సర్దుబాటు' అని రాసేస్తే ఎవడూ చదవడు. ముందు ఆ మాటే రాసింది. చెరిపేసి ఇలా రాసింది: 'ఆఖర్న నడిచినదే నిలుస్తుంది. ఈ సంగతి తెలియకుండా ఇన్నాళ్లూ వరసలు కట్టాను. తప్పు నాది. హైమావతి.'

పదకొండుకి పూరకాలు నడిచాయి. పదకొండుంపావుకి పోలమ్మ ఫోను.

"సల్లబడిందమ్మా. పాలు తాగతంది."

హైమావతి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఎదుట తొమ్మిది అర్జీలున్నాయి. అతిథిగృహాల శాఖ: మా పూరకాన్ని ఆఖర్న ఉంచగలరు. దీపాల శాఖ: మాదే ఆఖర్న ఉండాలి. నిన్నటిదాకా ముందు వరస కోసం కొట్టుకున్నవాళ్లే వీళ్లంతా. చూస్తుండగానే పదమూడయ్యాయి.

"అయిపోయింది," అన్నాడు గవర్రాజు నీరసంగా. "ఇక ఎవర్ని ఆఖర్న నిలబెడతారు?"

"ఎవరి మాట కొట్టేస్తే ప్రాణం పోతుందో వాళ్లని," అంటూ ఆమె మొదటి అర్జీని తిరస్కరించింది. "కాదన్నవాళ్లని ఇక్కడికొచ్చి ఈ కుర్చీలోంచి నన్ను లేపమనండి."

రెండోదానికి చెయ్యి చాచింది.